మొహాన్ని బట్టి మాస్కు

గురక పెట్టి నిద్రపోయేవారిని చూసి "పడుకుంటే చాలు, కుంభకర్ణుడే!" అని నవ్వుకోవడం మన ఇళ్ళలో మామూలే. గురకను గాఢనిద్రకు గుర్తుగా భావించేవారు కూడా చాలామంది వున్నారు. కానీ ఆ గురక నడిమధ్యలో ఆగిపోయి, పది ఇరవై సెకన్లపాటు చప్పుడే లేకుండా వుండి, తరువాత ఒక పెద్ద ఎగశ్వాసతో మళ్ళీ మొదలవుతూ వుంటే అది నవ్వుకోవలసిన విషయం కాదు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతున్నదనీ, ప్రాణవాయువు చాలక మెదడు ఉలిక్కిపడి మనిషిని లేపుతున్నదనీ దాని అర్థం. రాత్రంతా ఇలా ఎన్నో పదులసార్లు జరిగినా నిద్రపోయేవారికి తెలియదు. తెలిసేది పక్కన పడుకున్నవారికే. వైద్యులు దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. పగలంతా కునికిపాట్లు, పొద్దున్నే తలనొప్పి, మందులకు ఓ పట్టాన లొంగని రక్తపోటు దీని వెంట వస్తుంటాయి.

ఢిల్లీలోని ఎయిమ్స్ పరిశోధకులు అంతవరకు మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, పనిచేసే వయసులో వున్న భారతీయులలో సుమారు 10 కోట్ల 40 లక్షల మందికి ఈ బాధ వుండవచ్చునని 2023లో అంచనా వేశారు. 'గ్యాంగ్ లీడర్', 'రౌడీ అల్లుడు' పాటలతో మనవారికి దగ్గరైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో కన్నుమూసినప్పుడు వైద్యులు చెప్పిన కారణాలలో ఇదీ ఒకటి.

దీనికి ముఖ్యమైన చికిత్స సీపాప్ యంత్రం. ఇది గదిలోని గాలినే పీల్చుకుని, కొంచెం ఒత్తిడి కలిపి, గొట్టం ద్వారా మన ముక్కులోకి ఎడతెగకుండా పంపుతుంది. ఆ గాలి ఒత్తిడే గొంతును మూసుకోనీయకుండా నిలబెడుతుంది. మందు లేదు, కోత లేదు. అయితే ఆ గాలికీ మన మొహానికీ మధ్య వుండేది మాస్కు ఒక్కటే. యంత్రం ఎంత ఖరీదైనదైనా మాస్కు కుదరకపోతే అంతా వృథా. "మిషన్ నాకు పడలేదు" అని అటక మీద పెట్టేసినవారిలో చాలామందికి పడనిది యంత్రం కాదు, మాస్కు.

తిరుమణి నుంచి చూస్తే

ఈ విషయం పట్నంలో వున్నవారికంటే తిరుమణి వంటి ఊళ్ళలో వున్న మనవారికి మరింత ముఖ్యం. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలోని ఈ ఊరి పేరు సౌరవిద్యుత్తు పుణ్యమా అని దేశమంతా తెలిసింది. తిరుమణి, వళ్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల పరిధిలో దాదాపు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర పార్కు వుంది. 2018లో ప్రారంభమైంది. వేరుశనగ వేసి వానకోసం ఆకాశం వైపు చూసిన రైతులు ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల మొదటి కౌలుకు భూములిచ్చారు. కర్ణాటకలో వున్నా తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర సరిహద్దే కాబట్టి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఇక్కడ మామూలు.

ఇటువంటి ఊరినుంచి నిద్ర పరీక్షకు వెళ్ళాలంటే మధుగిరి మీదుగా బెంగుళూరు దారి పట్టడమే చాలామందికి తోచే మార్గం. నిమ్హాన్స్ వంటి పెద్ద సంస్థలు అక్కడే వున్నాయి. పోనూ రానూ ఒక రోజు పోతుంది. తోడుకు ఒకరు, వారి కూలీనో సెలవో అదనం. అందువల్ల బెంగుళూరులోనో విదేశంలోనో వున్న కొడుకు కంప్యూటర్‌లో బొమ్మ చూసి ఒక మాస్కు కొని పంపించేస్తాడు. "నాయనా, మిషన్ పెట్టుకుంటున్నావా?" అని ఫోనులో అడుగుతాడు. "పెట్టుకుంటున్నాలేరా" అని తండ్రి అంటాడు. బిడ్డ డబ్బు పెట్టి పంపించాడు, కాదంటే నొచ్చుకుంటాడని ఆ మాట. యంత్రం మాత్రం మంచం కిందే వుంటుంది. తల్లికి మళ్ళీ జాగరణ, తండ్రికి మళ్ళీ ప్రమాదం.

దీనికి విరుగుడు ఒక్కటే. మొహాన్ని చూసి, శ్వాసను చూసి, పడుకునే తీరును చూసి మాస్కును మొదటే సరిగ్గా ఎంచుకోవడం.

మొదటి మాస్కు కొలిచి చేసినదే

సీపాప్‌ను కనిపెట్టినది ఆస్ట్రేలియాలోని సిడ్నీ వైద్యుడు కాలిన్ సల్లివన్. ఐదుగురు రోగులపై ప్రయోగించిన ఫలితాలను ఆయన బృందం 1981లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. ఆ తొలి రోజుల్లో దుకాణంలో మాస్కులు ఎక్కడివి? ఒక్కొక్క రోగి ముక్కుకు అచ్చు తీసి, దాని మీద ఫైబర్‌గ్లాసు మాస్కు తయారుచేసి, రాత్రిపూట మొహానికి సిలికోన్ జిగురుతో అంటించేవారు. పొద్దున పీకవలసి వచ్చేది. బాధే అయినా ఎవరి మాస్కు వారికి అచ్చుగుద్దినట్టు సరిపోయేది. తరువాత మెత్తటి సిలికోన్ అంచులు, తలపట్టీలు వచ్చాయి. మాస్కులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో ఫ్యాక్టరీలలో తయారుకాసాగాయి. వాడకం సులువైంది గానీ, మొహాన్ని కొలిచే బాధ్యత వైద్యుడి చేతిలోనుంచి కొనేవారి చేతికి వచ్చిపడింది. చొక్కా కొనేటప్పుడు భుజాలు కొలుచుకునే మనం మాస్కు దగ్గర మాత్రం "మీడియం ఇవ్వండి" అనేస్తాం!

మూడు రకాలు

మాస్కులు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది ముక్కు మాస్కు. ముక్కు మొత్తాన్ని త్రికోణంగా కప్పేది పాత పద్ధతి. ముక్కు దూలం మీదికి పోకుండా, ముక్కు కింద తొట్టిలా ఆనుకునేది కొత్త పద్ధతి.

రెండవది పిల్లో రకం. రెండు చిన్న మెత్తటి మొనలు ముక్కు రంధ్రాల అంచున కూర్చుంటాయి. మొహం మీద భారం తక్కువ. కళ్ళజోడు పెట్టుకుని చదువుకోవచ్చు. ఊపిరాడనట్టు భయపడేవారికి తేలికగా వుంటుంది. అయితే గాలి ఒత్తిడి బాగా ఎక్కువ కావలసినవారికి ముక్కులోపల మండినట్టు వుండవచ్చు.

మూడవది ముక్కునూ నోటినీ కలిపి కప్పే ఫుల్‌ఫేస్ మాస్కు. నోటితో గాలి పీల్చేవారికి ఇది వాడతారు. అంచు పొడవు ఎక్కువ కాబట్టి గాలి కారిపోయే చోట్లూ ఎక్కువే.

"నాన్నగారు నోరు తెరుచుకుని పడుకుంటారు కాబట్టి ఫుల్‌ఫేసే కావాలి" అని వెంటనే నిర్ణయించుకోకండి. అమెరికా నిద్రవైద్య సంఘం 2019 మార్గదర్శకాలు సాధారణంగా ముక్కు మాస్కునో పిల్లో రకాన్నో ముందుగా ఎంచుకోమని సూచించాయి. గాలి దారి మూసుకుపోవడం వల్లనే నోరు తెరిచేవారు కొందరుంటారు. యంత్రంతో గొంతు తెరుచుకున్నాక వారి నోరు దానంతట అదే మూతపడవచ్చు. పడుకునే ముందు నోరు మూసుకుని ఐదు నిమిషాలు ముక్కుతో హాయిగా ఊపిరి పీల్చగలరేమో చూడండి. పీల్చగలిగితే ముక్కు మాస్కుతో మొదలుపెట్టవచ్చు. పీల్చలేకపోతే, మాస్కు కొనేలోగా ముక్కు డాక్టరుకు ఒకసారి చూపించుకోవడం మంచిది. ముక్కు మధ్య గోడ వంకరగా వుండడం, దుమ్ము పడక ముక్కు దిబ్బడ వేయడం వంటి వాటికి వేరే వైద్యం వుంది.

ఏ మొహానికి ఏది?

ముక్కు దూలం చదునుగా వుంటే: త్రికోణపు మాస్కు పైఅంచు దూలం మీద ఆనదు. ఆ సందులోంచి గాలి కళ్ళలోకి కొడుతుంది. పొద్దున లేచేసరికి కళ్ళు ఎర్రబడి, ఎండిపోయినట్టు వుంటాయి. ఇటువంటివారికి ముక్కు కింద ఆనుకునే రకం గానీ, పిల్లో రకం గానీ బాగుంటుంది. ఫుల్‌ఫేస్‌లో కూడా దూలం జోలికి పోకుండా ముక్కు కిందనుంచి మొదలయ్యేవి వున్నాయి.

ముక్కు పొడవుగా, దూలం ఎత్తుగా వుంటే: త్రికోణపు మాస్కు అందంగా కూర్చుంటుంది గానీ, బరువంతా దూలం మీద పడి చర్మం ఒరుసుకుపోవచ్చు. నుదుటి మీద ఆనే భాగం వున్నవాటిలో దానిని సవరించుకోవాలి.

ముక్కు రెక్కలు వెడల్పుగా వుంటే: సైజు ఎత్తును బట్టి కాక వెడల్పును బట్టి చూడాలి. కొన్ని కంపెనీలు 'వైడ్' అని వేరుగా ఇస్తాయి. ఇరుకైనది తొడిగితే రంధ్రాలు నొక్కుకుపోయి గాలి తక్కువైనట్టు అనిపిస్తుంది.

బుగ్గలు లోపలికి పోయినవారికి, కట్టుడు పళ్ళు పెట్టుకునేవారికి: పళ్ళు తీసి పడుకునేవారు పళ్ళు తీసే మాస్కు కొలుచుకోవాలి. పగలు పళ్ళతో సరిపోయిన ఫుల్‌ఫేస్ మాస్కు రాత్రి చెంపల దగ్గర వదులై గాలి కారుస్తుంది. పెద్దవయసువారి విషయంలో దుకాణాలలో ఎక్కువగా మరచిపోయేది ఇదే.

చుబుకం చిన్నదిగా, లోపలికి వున్నవారికి: పెద్ద ఫుల్‌ఫేస్ మాస్కు దవడ వదులైనప్పుడు చుబుకం కిందికి జారిపోతుంది. కింది అంచు కింది పెదవికీ చుబుకానికీ మధ్య వున్న పల్లంలో కూర్చోవాలి.

బుగ్గలు నిండుగా వున్న గుండ్రటి మొహానికి: పక్క చట్రాలు గట్టిగా వుంటే చెంపల మీద గాట్లు పడతాయి. మెత్తటి గుడ్డ చుట్టిన చట్రాలు చూడండి.

మీసాలు, గడ్డాలు వున్నవారికి: గడ్డం దట్టంగా వుంటే ఫుల్‌ఫేస్ అంచు చర్మానికి అంటుకోదు. గుబురు మీసం వుంటే ముక్కు కింద ఆనే తొట్టి రకం ఎత్తుగా లేచిపోతుంది. ఇద్దరికీ పిల్లో రకం ముందుగా ప్రయత్నించదగినది. మీసం తీసేయమని ఎవరూ అనరు, భయపడనక్కరలేదు!

మన ఆడవారి సంగతి

మాస్కుల పుస్తకాలలో కనిపించని సంగతులు మన ఇళ్ళలో కొన్ని వున్నాయి. ముక్కుపుడక అంచు కిందికి వస్తే అక్కడ గాలి కారుతుంది, మెత్త కూడా కోసుకుపోతుంది. పిల్లో రకానికి పుడక లోపలి మర అడ్డు. రాత్రిపూట తీసి పెట్టడం అన్నిటికంటె సులువు. తీయడానికి మనసొప్పనివారు ముక్కు మొత్తాన్ని లోపలికి తీసుకునే రకం చూసి, పుడక అంచుకు తగలకుండా వున్నదో లేదో పరీక్షించుకోవాలి.

కొప్పు, జడ వున్నవారు వెనుక పట్టీ కొప్పుకు పైన ఒకటి, కింద ఒకటి పోయేలా వున్నదా చూసుకోవాలి. నెత్తిమీద కొప్పు వేసుకుని పడుకునేవారికి నడినెత్తి నుంచి గొట్టం వచ్చే రకం కుదరదు. తలకు కొబ్బరినూనె, మొహానికి క్రీము రాసుకుని మాస్కు పెట్టుకుంటే మెత్త జారిపోతుంది, సిలికోన్ కూడా త్వరగా పాడవుతుంది. పడుకునే ముందు మొహం కడుక్కుని తుడుచుకోవాలి. నూనె తలకు పొద్దున పెట్టుకోవచ్చు.

స్త్రీలలో ఈ జబ్బు తక్కువగా బయటపడడానికి ఒక కారణం వారు గురక సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడడం. నెలసరి ఆగిపోయిన వయసు తరువాత స్త్రీలలోనూ ఇది పెరుగుతుంది. అమ్మ పగటిపూట కూర్చున్నచోటే కునుకుతూ వుంటే "వయసు" అని సరిపెట్టుకోకండి.

కొలవడం, పెట్టి చూడడం

చాలా కంపెనీలు సైజు చూసుకోవడానికి కాగితపు కొలతబద్ద ఇస్తాయి. అది లేకపోతే మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు చాలు. ముక్కు మాస్కుకు రెండు రెక్కల బయటి అంచుల మధ్య వెడల్పు, దూలం నుంచి ముక్కు అడుగుదాకా ఎత్తు కొలవాలి. ఫుల్‌ఫేస్‌కు నోరు కొద్దిగా తెరిచి, దూలం నుంచి కింది పెదవి కింది పల్లందాకా కొలవాలి. కొడుకు దూరాన వుంటే కొలతలు రాసి, స్కేలు పక్కన పెట్టి ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటోలు తీసి పంపండి. బొమ్మ చూసి కొనడం కంటె ఇది వందరెట్లు మేలు.

దుకాణానికి వెళ్ళగలిగితే ఈ పద్ధతిని పాటించండి.

1. పట్టీలు వదులుగా వుంచి మాస్కు పెట్టుకుని పడుకోండి. కూర్చుని చూసుకున్నది లెక్కలోకి రాదు. పడుకున్నప్పుడు చెంపలు, దవడ వేరేగా జారతాయి.

2. డాక్టరు రాసిన ఒత్తిడి మీదే యంత్రం నడపమనండి. మొదట్లో తక్కువ ఒత్తిడితో నడిచేటప్పుడు ఏ మాస్కైనా సరిపోయినట్టే వుంటుంది.

3. గాలి వస్తుండగా మాస్కును మొహం మీదనుంచి కొంచెం లేపి మళ్ళీ ఆనించండి. మెత్త గాలితో ఉబ్బి తన చోటు తానే చూసుకుంటుంది. తరువాత రెండు వైపులా సమంగా పట్టీలు సవరించండి. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరాలి.

4. తడిచేసిన వేలు అంచు చుట్టూ తిప్పండి. చల్లగా తగిలినచోట గాలి కారుతున్నట్టు. మాస్కు ముందుభాగంలోని చిన్న రంధ్రాలలోంచి వచ్చే గాలి వేరు. అది మనం వదిలిన ఊపిరి బయటికి పోయే దారి. దానిని ఎన్నడూ మూయకూడదు.

5. కుడికి, ఎడమకు ఒత్తిగిలి చూడండి. కనీసం పావుగంట అలాగే వుండండి. పక్కకు తిరిగి పడుకునే అలవాటు వున్నవారికి గొట్టం నడినెత్తి మీదికి వచ్చే రకం అనుకూలం.

గాలి కారితే పట్టీ బిగించడం అందరూ చేసే పని. బిగించినకొద్దీ మెత్త మడతపడి ఇంకా కారుతుంది, చర్మం కూడా పుండుపడుతుంది. బిగిస్తేగానీ నిలబడని మాస్కు మీ సైజు కాదు. పొద్దున లేచాక పడిన ఎర్రటి గుర్తు అరగంటలోనో గంటలోనో పోతే పరవాలేదు. పోకుండా నిలిచినా, చర్మం లేచినా మాస్కు మార్చాలి.

కొనేముందు మరొక మాట. పెట్టె విప్పిన మాస్కు చాలాచోట్ల వాపసు తీసుకోరు. కుదరకపోతే మార్చి ఇస్తారా, ఎన్ని రోజుల్లో, అన్నది బిల్లు మీద రాయించుకోండి. ఒకే చట్రానికి రెండు మూడు సైజుల మెత్తలు కలిపి ఇచ్చేవి కూడా వున్నాయి. దూరపు ఊళ్ళవారికి అవి మేలు.

అయస్కాంతం వుంటే జాగ్రత్త

కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతపు బిళ్ళలు వుంటాయి. చీకట్లో కూడా టక్కున అతుక్కుంటాయి కాబట్టి ముసలివారికి సౌకర్యం. కానీ గుండెలో పేస్‌మేకరు, చెవిలో కాక్లియర్ పరికరం, మెదడు రక్తనాళాలకు లోహపు క్లిప్పులు వంటివి వున్నవారికి అవి ప్రమాదకరం. దీని గురించి ఫిలిప్స్ సంస్థ 2022లోను, రెస్‌మెడ్ సంస్థ 2023లోను హెచ్చరికలు జారీచేశాయి. మాస్కు వాడేవారికే కాదు, అదే మంచం మీద పడుకునే భార్యకో భర్తకో అటువంటి పరికరం వున్నా అయస్కాంతం లేని మాస్కే తీసుకోవాలి. పాత మాస్కు వాడుతున్నవారు ఈరోజే పట్టీ కొనలు చూసుకోండి.

నీరు, దుమ్ము, కరెంటు

పావగడ సీమ భూగర్భజలం ఉప్పదనానికీ ఫ్లోరైడుకూ పేరుపడింది. యంత్రంలోని తేమ డబ్బాలో బోరునీళ్ళు పోస్తే తెల్లటి పొర కడుతుంది. బ్యాటరీ నీళ్ళుగా కాకుండా, వైద్యానికి పనికివచ్చే డిస్టిల్డ్ నీరు మందుల షాపులో అడిగి తెచ్చుకోవాలి. మాస్కు మెత్తను రోజూ గోరువెచ్చటి నీటిలో, ఘాటులేని సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. చేతి జిడ్డు వదులుతుంది కదా అని బట్టల సోడా, డెట్టాలు వాడకూడదు.

సౌరఫలకాల మీద పేరుకుపోయే దుమ్మే మన యంత్రం ఫిల్టరులోకీ పోతుంది. వారానికొకసారి ఫిల్టరు తీసి చూసి, నల్లబడితే మార్చాలి.

ఊరి పక్కనే రెండువేల మెగావాట్లు పుడుతున్నా అది పోయేది పెద్ద లైన్లలోకి. ఇంట్లో కరెంటు పోవడం వేరే సంగతి. కరెంటు పోతే ఊపిరాడదేమోనని చాలామందికి భయం. ఫుల్‌ఫేస్ మాస్కులో గాలి ఆగిపోగానే తెరుచుకునే రక్షణ కవాటం వుంటుంది. ముక్కు మాస్కు అయితే నోరు తెరవవచ్చు. కనుక ప్రాణభయం లేదు, చికిత్స ఆగుతుంది, అంతే. చిన్న ఇన్వర్టరు వుంటే తేమ డబ్బా వేడిని ఆపివేసి యంత్రాన్ని నడపండి. విద్యుత్తు వాడకం బాగా తగ్గుతుంది. ఎండాకాలం మిద్దె మీద దోమతెరలో పడుకునేవారు గొట్టాన్ని నెత్తివైపు నుంచి తెర కిందుగా తీసుకుంటే లాగదు.

మొదటి పదిహేను రోజులు

కొత్త చెప్పు కూడా నాలుగు రోజులు కరుస్తుంది. అయితే కరిచే చెప్పుకూ సైజు తప్పిన చెప్పుకూ తేడా వుంది. మొదటి రెండు మూడు రోజులు పగటిపూట టీవీ చూస్తూ అరగంట మాస్కు పెట్టుకోండి. ఊపిరాడనట్టున్న భయం తగ్గుతుంది. తరువాత రాత్రికి వెళ్ళండి. నిద్రపోయినంతసేపూ పెట్టుకోవడమే లక్ష్యం. అమెరికాలో బీమావారు అడిగే కనీసపు లెక్క కూడా పదింట ఏడు రాత్రులు, రాత్రికి నాలుగు గంటలు.

యంత్రం తెర మీద పొద్దున గాలి ఎంత కారిందో కనిపిస్తుంది. రెస్‌మెడ్ యంత్రాలలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. మిగతా కంపెనీల లెక్కలు వేరు. గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగిందో కూడా చూపుతుంది. అది 5 కంటె తక్కువ వుంటే మంచిది. ఈ రెండు అంకెలూ ఒక చీటీ మీద రాసుకుని డాక్టరుకు చూపించండి. అంకెలు బాగాలేకపోతే ఒత్తిడిని మీరే మార్చుకోవద్దు.

దూరాన వున్న పిల్లలకు ఒక మనవి. "పెట్టుకుంటున్నావా?" అని అడగకండి. "పొద్దున అంకె ఎంత వచ్చింది నాయనా? ముక్కు మీద గుర్తు పడిందా?" అని అడగండి. ఫోనులో మొహం చూపించమనండి. కుదరలేదని తెలిస్తే, "ఇంత డబ్బు పోసి కొన్నాను" అనకుండా ఇంకొక సైజు మెత్త పంపండి. మెత్త ఖరీదు యంత్రం ఖరీదులో చిన్న భాగమే. పెద్దవారు కూడా మొహమాటపడి బాధను దాచుకోవద్దు. మాస్కు కుదరలేదని చెప్పడం ఫిర్యాదు కాదు, వైద్యంలో భాగమే. సరైన మాస్కు దొరికిన ఇంట్లో రాత్రి పడుకునే ఇద్దరూ నిద్రపోతారు.